పాచి మేడం

ఆమె ఏ గోడ పక్కన నడిచినా అరచేయి గోడకు ఆనించి నడిచేది. కాలేజీ ప్రహరీ కావచ్చు, బస్టాండు వెనక గోడ కావచ్చు, ఎవరిదో పాతకాలపు రాతి ఇల్లు కావచ్చు. చూపు ఎదురుగా ఉండేది, మాటలు మాతో సాగేవి, చేయి మాత్రం గోడ మీద ఉండేది. ఎక్కడో ఒకచోట ఆ చేయి ఆగిపోయేది. చేయి ఆగిందంటే మేమూ ఆగాలి. మెడలో నల్లదారానికి వేలాడే చిన్న భూతద్దాన్ని కంటికి పెట్టుకుని, ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా వంగేది. గోడను వాసన చూస్తున్నట్టున్న ఆ పెద్దావిడనూ, ఆమె వెనక వరసగా నిలబడిన మమ్మల్నీ దారిన పోయేవాళ్లు వింతగా చూసేవాళ్లు.

మొన్న చైత్రంలో ఆమె పోయింది. నేను కర్నూల్లో ఇంటర్ పిల్లలకు బాటనీ చెబుతాను. క్లాసు ముగించుకుని స్టాఫ్ రూముకు పోతుంటే కడప నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. ఏం మాట్లాడానో గుర్తులేదు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా చేయి వరండా గోడ మీద ఉంది.

కడపలో నేను చదివిన కాలేజీలో ఆమె లెక్చరర్. ఆమె పేరు ఇక్కడ రాయను. తన పేరు అచ్చులో కనబడితే ఇబ్బంది పడే మనిషి. పిల్లలందరికీ ఆమె పాచి మేడం. ఆ పేరు తనకుందని ఆమెకు తెలుసు. ఒకరోజు బోర్డు మీద ఎవరో రాసిపెట్టారు. ఆమె చదివి, తుడపకుండా, పక్కకు జరిగి నిలబడింది.

"పాచి అంటే ఏందిమ్మా?" అని ముందు బెంచీని అడిగింది.

"నాచు మేడం."

"ఇంకా?"

వెనక నుంచి ఎవరో "నిన్నటిది మేడం, పాచన్నం" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

"అంతే. నిన్నటిదే. నిన్నటి నుంచి ఈపొద్దు దాకా చెడకుండా ఉండేదే పాచి. మంచి పేరే పెట్టినారు" అని పాఠం మొదలుపెట్టింది. ఆ గంటంతా బోర్డు మీద ఆ పేరు అట్లే ఉంది.

ఆమె పెన్నా ఒడ్డున ఉండే ఒక చేనేత ఊరి నుంచి వచ్చింది. నాన్న, తమ్ముడు మగ్గం నేసేవాళ్లు. ఒంటి మీద ఎప్పుడూ వాళ్లు నేసిన నూలు చీరే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకు లేదు, ఆమెకు చెప్పే అలవాటూ లేదు. ఆమె బ్యాగులో పుస్తకాల కంటే ఎక్కువగా పాత పేపర్లతో మడిచిన పొట్లాలుండేవి. ప్రతి పొట్లంలోనూ ఒక చిటికెడు బూడిదరంగు దుమ్ము లాంటిది. ఆ పొట్లాలు నలగకుండా ఒక్కోసారి టిఫిన్ క్యారియర్లో పెట్టుకుని బస్సెక్కేది. ముద్దనూరు బస్సులో ఒక కండక్టరు క్యారియర్ చూసి, "ఏముందమ్మా అందులో, సందులో పెట్టినావు, కాలికి తగుల్తాంది" అన్నాడట.

"పాచి అప్పా."

"పాచన్నమా?"

"కాదు, పాచే."

అతను ముక్కు మూసుకుని టికెట్ కొట్టాడని ఆమె మాకు నటించి చూపించేది.

ఆమె దగ్గర మంగలి షాపుల్లో నీళ్లు చిమ్మే స్ప్రే బాటిల్ ఒకటి ఉండేది. క్లాసులో పొట్లం విప్పి, ఆ బూడిదను గాజుపలక మీద పోసి, మా మధ్యకు తెచ్చి, రెండు మూడుసార్లు నీళ్లు చిమ్మేది. "మాట్లాడొద్దు, చూడండి" అనేది. మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. మొదట ఏమీ ఉండదు. తర్వాత ఆ బూడిదలో ఏదో కదిలినట్టుంటుంది. మెలిపెట్టి పిండిన గుడ్డ విప్పుకున్నట్టు, సన్నటి ఆకులు ఒక్కొక్కటిగా తిరుగుతూ విచ్చుకుంటాయి. మనం చూస్తుండగానే పచ్చబడుతుంది. ఎన్నిసార్లు చూసినా మా గొంతుల్లోంచి ఒకే శబ్దం వచ్చేది. ఆమె ఆ శబ్దం కోసమే ఎదురుచూసినట్టు మా ముఖాలు చూసేది, పాచిని కాదు.

"చెట్టు నీళ్లు దాచుకుంటాది" అని చెప్పేది. "వేరును లోతుకు పంపిస్తాది. జెముడు కడుపులోనే చెరువు పెట్టుకుంటాది. పాచికి వేరు లేదు, బెరడు లేదు, దాచుకునేకి జాగా లేదు. మరి మన ఎండలకు ఎట్ల బతుకుతాది? నీళ్లు పోతాంటే పోనిస్తాది. పట్టుకోని పీకులాడదు. ఆకులు ముడుసుకుంటాది, ఊపిరి దాదాపు నిలిపేస్తాది, అట్లే పండుకుంటాది. సచ్చిపోయిందని చెప్పొద్దండి. పండుకోనుండాది."

ఆ పడకకు ముందు అది చేసుకునే ఏర్పాట్ల గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారేది. పెళ్లింటి పనులు చెబుతున్నంత సంబరంగా చెప్పేది. ఆకు కొసన సన్నటి తెల్ల వెంట్రుక ఉంటుంది. తెల్లవారుజాము మంచును పట్టి ఆకుకు అందించేది అదే. ఆకులు ముడుచుకున్నప్పుడు ఆ వెంట్రుకలన్నీ పైకి చేరి, తెల్లటి కప్పులా ఎండను వెనక్కి కొడతాయి. లోపల కణాల్లో ఒక రకం చక్కెరలు చేరి, నీళ్లు పోయిన చోట కూలిపోకుండా అన్నింటినీ నిలబెట్టి ఉంచుతాయి. ఇవన్నీ సర్దుకోవడానికి దానికి వ్యవధి కావాలి. నిదానంగా ఎండితే లేస్తుంది. గబుక్కున ఎండితే లేవదు. అందుకే ల్యాబులో పాచిని ఎండబెట్టేటప్పుడు ట్రే మీద తడిగుడ్డ కప్పేది. "ఎండేదానికి గూడా టైమియ్యాలమ్మా" అనేది.

ఒకసారి నడివేసవిలో ల్యాబు వెనక గోడ మీద ఉన్న పాచికి నీళ్లు పోద్దామని ఒక అమ్మాయి చెంబుతో బయల్దేరింది. మేడం పరుగెత్తుకొచ్చి ఆపింది. అంత కంగారుగా ఆమెను మేమెప్పుడూ చూడలేదు.

"ఎండ దాన్ని సంపదు పాపా. ఎండలో తడి సంపుతాది. ఇప్పుడు నువ్వు నీళ్లు పోస్తే వానకాలమొచ్చిందనుకోని లేస్తాది. లేచినంక ముందు రిపేర్లు చేసుకోవాల. ఉన్న తిండంతా దానికే ఖర్చయిపోతాది. మళ్లా తిండి చేసుకునే లోపల ఎండి కూర్చుంటాది. ఇట్ల రెండు మూడు తూర్లు చేసినావంటే ఇంగ లేవదు."

కరువు కంటే పడీపడని వేసవి జల్లులే పాచికి పెద్ద గండమని నాకు ఆ రోజే తెలిసింది.

నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉండగా వేసవిలో ఆమె మమ్మల్ని ముద్దనూరు అవతల ఉన్న బోడికొండలకు తీసుకుపోయింది. వానాకాలంలో పాచిని ఎవరైనా చూస్తారు, చూడాల్సింది ఇప్పుడే అని ఆమె పట్టుదల. ఆ కొండల మీద పలుగురాళ్లు ఎక్కువ. పాలరంగులో మెరుస్తుంటాయి. కొన్ని రాళ్లను మెల్లగా ఎత్తి చూస్తే, కింద నేలను అంటిపెట్టుకుని సన్నటి పచ్చటి పొర. రాయి తెల్లది కాబట్టి కాస్త వెలుతురు లోపలికి దిగుతుంది, ఎండ వేడి దిగదు, చెమ్మ తొందరగా పోదు. పాచి ఆ రాళ్ల కింద కాపురం పెట్టుకుంది. రాయి ఎత్తినవాళ్లు దాన్ని ఎట్లా ఉండిందో అట్లే, అదే వైపు పెట్టాలి. ఒకబ్బాయి తిరగేసి పెడితే వెనక్కి పిలిచింది. "ఒకరింటి కప్పు తీసి చూసి, అట్లే వదిలిపెట్టి వచ్చేస్తావా నాయనా?"

తెల్లవారుతూనే బయల్దేరి ఎండ ముదరక ముందే దిగిపోవాలని అనుకున్నాం. కానీ బస్సు దారిలో చెడిపోయింది. కొండ దగ్గరికి చేరేసరికే పొద్దెక్కింది. మేడం ఒకసారి ఆకాశం వైపు చూసి, "తొందరగా చూసి దిగుదాం" అంది. గొడుగు మాత్రం తన మీద పట్టుకోలేదు. రాయి ఎత్తినప్పుడు కింది పాచికి ఎండ తగలకుండా దాని మీద పట్టింది.

మధ్యాహ్నానికి నా తల బరువెక్కింది. నుదురు తుడుచుకుంటే చెమట లేదు. పొడిగా, కాలుతూ ఉంది. ఎదురుగా ఉన్న పలుగురాళ్లు రెండు రెండుగా కనబడ్డాయి. "అమ్మా" అని పిలిచానట. మా అమ్మ అక్కడ లేదు కదా అని నా స్నేహితురాలు నవ్వబోయిందట. అంతలో నేను పడిపోయాను.

తర్వాత జరిగింది స్నేహితులు చెబితే తెలిసిందే. మేడం నన్ను ఒక బండ నీడకు లాగించింది. మగపిల్లలను రోడ్డు మీదికి పరుగెత్తించింది. ఎవరో నా నోట్లో నీళ్లు పోయబోతే చేయి పట్టుకుని ఆపింది. "తెలివిలో లేదు, నోట్లో వద్దు, ఒంటి మీద పోయండి" అని అందరి సీసాలూ నా తల మీద, మెడ మీద, చంకల్లో కుమ్మరింపజేసింది. తన చీర కొంగు తడిపి నా కాళ్లకు చుట్టింది. మంగలి సీసాతో నా ముఖం మీద నీళ్లు చిమ్ముతూ, ఇంకో చేత్తో అట్టతో విసురుతూ, నా పేరు పిలుస్తూనే ఉంది. నాపరాళ్లు వేసుకుపోతున్న లారీ ఒకటి ఆగింది. ఆ లారీలో ఆమె ఒళ్లో తల పెట్టుకుని నేను ఆసుపత్రికి చేరాను.

కళ్లు తెరిచేసరికి సెలైన్ ఎక్కుతోంది. పక్కన స్టూలు మీద మేడం. జుట్టు రేగి, చీర సగం తడిసి, సగం మట్టి. నేను తనను గుర్తుపట్టానని నమ్మకం కుదిరాక నా చెంప మీద చేయి పెట్టింది.

"నువ్వు పాచివి కాదు గదమ్మా, ఎండిపోయి మళ్లా లేసేకి" అంది. ఆ మాటతోనే ఆమెకు ఏడుపొచ్చింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "నీ తల మింద పోసేటప్పుడు చూస్తి, నీ సీసా నిండా నీళ్లుండాయి. పొద్దన్నుంచి ఒక గుటక గూడా తాగల్యా. ఏంటికి?" అని అడిగింది.

నేను ముఖం తిప్పుకున్నాను. మంచం అవతల నిలబడిన నా స్నేహితురాలే చెప్పింది. "తాగితే పోవాల్సొస్తాది మేడం. ఆ కొండ మింద యాడికి పోవాల? మొగపిల్లోళ్లు ఉండారు. చెట్టు గూడా లేదు. మేమెవరమూ తాగల్యా."

"ఎవరూనా?"

"కాలేజీలో గూడా అంతే మేడం. బాత్రూంకు తాళమేసుంటారు. హాస్టల్లో పొద్దున పోయొస్తే మళ్లా సాయంత్రమే. అలవాటయిపాయ."

మేడం చాలా నెమ్మదిగా, మాతో కాక తనతో తాను చెప్పుకున్నట్టు అంది.

"నేను గూడా తాగను."

మాకు అర్థం కాలేదు.

"కొండలకు పోయిన రోజు నేను గూడా తాగను. నా చదువప్పటి నుంచి అంతే. తిరిగొచ్చి ఇంట్లో తాగుతా. నా పాటికి నాకది కష్టమని గూడా అనిపించల్యా. మీరూ అట్లే చేస్తాంటారని ఒక్కసారన్నా తట్టల్యా చూడు."

ఎండలో నీళ్లు తాగకుండా నడిచే ఆమెను చూసి మేమంతా గట్టి మనిషి అనుకునేవాళ్లం. మగపిల్లలైతే పందెం వేసుకునేవాళ్లు, ఈసారి మేడం సీసా మూత తీస్తుందా లేదా అని. ఆ గట్టితనం వెనక ఉన్నది ఇదని ఆ రోజు తెలిసింది.

సాయంత్రానికి మా నాయన వచ్చాడు. మాది ఎర్రగుంట్ల. సిమెంటు లారీ నడిపేవాడు. ఫోను అందగానే లారీ ఎక్కడో నిలిపి, సిమెంటు దుమ్ముతోనే వచ్చాడు. నన్ను చూసి, బతికే ఉన్నానని తేల్చుకుని, మేడం మీదికి తిరిగాడు.

"చదువు చెప్పమని పంపిస్తే ఎండలో కొండలెక్కిస్తారా? మా పాపకేమన్నా అయ్యింటే ఎవరిని అడగాల నేను?"

"నన్నే అడగాలన్నా" అంది మేడం. లేచి నిలబడింది. "తప్పు నాదే. అడుగు."

మా నాయన నోరు తెరిచి, ఏం అడగాలో తోచక, మళ్లీ మూసుకున్నాడు. వాదించడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి అవతలివాళ్లు ఒప్పుకుంటే చేసేదేముంటుంది? స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కొంతసేపటికి, "ఇంతకూ ఆ ఎండలో ఏం జూసేకి పోయినారు?" అని అడిగాడు, ఇంకా కోపంగానే.

మేడం బ్యాగులోంచి పొట్లం తీసింది. ఆసుపత్రి మాత్రల ట్రే మీద ఆ బూడిద పోసి, మంగలి సీసా అడుగున మిగిలిన నీళ్లు చిమ్మింది. మా నాయన వంగి చూశాడు. ఆకులు విచ్చుకోవడం మొదలయ్యాక ఇంకా వంగాడు. పూర్తిగా పచ్చబడేదాకా కదల్లేదు. తర్వాత తలెత్తి, "దీని కోసమా మా పాప సచ్చిపోబాయ!" అన్నాడు. ఆ మాటకు ముందు నేనే నవ్వాను. నవ్వితే చేతిలో సూది కదిలి నొప్పి పుట్టింది. తర్వాత ఆయనా నవ్వాడు. మేడం మాత్రం నవ్వలేదు.

వానలు మొదలయ్యాక మళ్లీ కొండలకు పోయే రోజు వచ్చింది. నన్ను పంపడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. "పోనీలే, నేను గూడా పోతా" అన్నాడు మా నాయన. తెలిసినవాళ్ల ఆటోలో నీళ్ల క్యాన్లు వేసుకుని కొండ కింద దాకా వచ్చాడు. మేడం బస్సు దిగింది. చంకలో నాలుగు వెదురు కర్రలు, చేతిలో పెద్ద గుడ్డల మూట.

కొండ మీద చేరగానే ఆమె భూతద్దం తీయలేదు. ఒక బండ వెనక చోటు చూసి కర్రలు పాతించింది. మూట విప్పింది. నూలు చీరలు, ఒకదానికొకటి కలిపి కుట్టినవి, అంచులకు తాళ్లు. రంగు సరిగా పట్టలేదని అమ్ముడుపోకుండా ఇంట్లో మిగిలిన చీరలట. తమ్ముడు కుట్టి ఇచ్చాడట. కర్రల చుట్టూ చీరలు కట్టాక అక్కడ చిన్న గది తయారైంది.

"ఇదిగో పాపా, ఇది మీది. ముందు నీళ్లు తాగండి. నా ముందరే తాగండి" అని సీసాలు తీయించింది. మగపిల్లల వైపు తిరిగి, "మీరు ఆ పక్క కొండ మింద పాచి ఉండాదేమో చూసి రాపోండి నాయనా" అంది. ఆ తర్వాత ఏ కొండకు పోయినా మగపిల్లలకు పక్క కొండ తప్పలేదు. ఆ పక్క కొండల మీద పాచి దొరికిన దాఖలా కూడా లేదు.

మాకు నీళ్లు తాగించి, చివరికి తన సీసా మూత తీసి తనూ తాగింది. మగపిల్లల పందెం ఆ రోజుతో ఆగిపోయింది.

కాలేజీలో తాళం సంగతి మాత్రం అంత సులభంగా తేలలేదు. మోటారు పనిచేయదు, నీళ్లు ఎక్కవు, నీళ్లు లేకుంటే కంపు కొడుతుంది, కాబట్టి తాళం. ఆఫీసులో ఎవరిని అడిగినా ఈ మాటే. మేడం అడుగుతూనే ఉంది. రోజూ పొద్దున సంతకం పెట్టేటప్పుడు అడిగేది, సాయంత్రం పోయేటప్పుడు అడిగేది. అరిచేది కాదు. "మోటారు సంగతి ఏమాయప్పా?" అంతే. ఆమె వస్తుంటే గుమాస్తా ఫైళ్ల వెనక దాక్కునేవాడు.

మరుసటి మార్చిలో కాలేజీలో మహిళా దినోత్సవం జరిపారు. ఒక పెద్ద నాయకుడు ముఖ్య అతిథి. అతిథికి చూపించడానికి ఏదైనా పెట్టమంటే మేడం పాచి పొట్లం తెచ్చింది. వేదిక మీదే నీళ్లు చిమ్మి చూపించింది. ఆయన నిజంగానే ముచ్చటపడ్డాడు. మైకు తీసుకుని, "చూసినారా, మన సీమ ఆడబిడ్డలు అచ్చం ఈ పాచి మాదిరే. నీళ్లు లేకున్నా, ఎన్ని కరువులొచ్చినా తట్టుకోని నిలబడతారు" అన్నాడు. చప్పట్లు మోగాయి. మేమూ కొట్టాం. వినడానికి బాగానే ఉంది మరి.

మేడం కొట్టలేదు. ఆయన కూర్చోకముందే మైకు దగ్గరికి నడిచింది.

"ఒక్క మాట సార్" అంది. "పాచి ఎండినప్పుడు దానికి దాహం ఉండదు. నొప్పి ఉండదు. అన్నీ నిలిపేసి పండుకుంటాది. ఈ పిల్లోళ్లకు దాహమవుతాది సార్. దాహమయినా పొద్దన్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఈ బెంచీల మింద కూర్చుంటారు. ఏంటికంటే ఈ కాలేజీలో ఆడపిల్లోళ్ల బాత్రూంకు తాళమేసి ఉండాది. మోటారు పనిచేయదు. మా పిల్లోళ్లను పాచితో పోల్చొద్దండి సార్. తట్టుకుంటారని మెచ్చుకోవద్దండి. నీళ్లిప్పియ్యండి, సాలు."

ప్రిన్సిపాల్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. వెనక వరసలో ఎవరో ఒకమ్మాయి చప్పట్లు మొదలుపెట్టింది. ఆడపిల్లలందరం లేచి నిలబడ్డాం. ఈసారి చప్పట్లు వేరే రకంగా మోగాయి.

ఆ నాయకుడు కోప్పడతాడనుకున్నాం. ఆయన కాసేపు ఆమె వైపే చూసి, ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "తాళంచెవి యాడుండాదప్పా?" అన్నాడు.

ఆ వేసవి సెలవుల్లోనే కొత్త మోటారు, పైన ట్యాంకు వచ్చాయి. ప్రిన్సిపాల్ చాలాకాలం మేడంతో మాట్లాడలేదు. కానీ తర్వాత ఏ పెద్దమనిషి వచ్చినా కాలేజీ చూపించేటప్పుడు ముందుగా ఆ ట్యాంకు దగ్గరికే తీసుకుపోయేవాడు.

ఆమె చేసిన గొప్ప పరిశోధనలేమిటని అడిగితే నేను చెప్పగలిగేది తక్కువ. ఆ కొండల పాచిని జీవితమంతా చూసింది, పిల్లలకు చూపించింది. మా బ్యాచీలో ఆడపిల్లలం ఒక్కరం కూడా చదువు మధ్యలో మానలేదు. ఈరోజు నేను బోర్డు ముందు నిలబడి ఆకు బొమ్మ గీస్తున్నానంటే, ఆ మధ్యాహ్నం ఒక మనిషి నా పేరు పిలవడం ఆపకపోవడం వల్లే. ఈ మాట ఆమెతో ఒకసారి అనబోయాను. "మీరు లేకుంటే ఆపొద్దు నేను..." అని మొదలుపెట్టేలోపే అడ్డుపడింది.

"నేను లేకుంటే నువ్వు ఆ కొండకే పోవు గదా పాపా! ఊరికే నాకు పుణ్యం అంటగట్టొద్దు."

రిటైరయ్యాక ఆమె తమ్ముడింటికి, ఆ మగ్గాల ఊరికే చేరింది. కొన్నేళ్లకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు ప్రొద్దుటూరు పోయి డయాలసిస్ చేయించుకునేది. నిరుడు మే నెలలో చూడడానికి పోయాను. ఎండకు బస్సు కిటికీ చువ్వలు పట్టుకోలేనంతగా కాలుతున్నాయి. ఊళ్లో దిగి నడిచి ఆ ఇంటికి చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

వెనక గదిలో మగ్గం ఆడుతోంది. ముందు గదిలో మంచం మీద ఆమె. చాలా సన్నబడింది. పాదాలు మాత్రం వాచి ఉన్నాయి. నన్ను చూసి లేచి కూర్చుంది. ముందుగా మా నాయన గురించి అడిగింది, తర్వాత నా పిల్లల గురించి, తర్వాత కాలేజీ పిల్లల గురించి.

"నీళ్లు తాగుతాండారా?"

"తాగుతాండారు మేడం. మా కాలేజీలో తాళం లేదు."

తృప్తిగా తలూపింది. మంచం పక్కన బల్ల మీద ఒక చిన్న సీసా ఉంది. ఆ రోజు మొత్తానికి ఆమె తాగవలసిన నీళ్లవి. డాక్టరు అంతకు మించి వద్దన్నాడు. గొంతు మరీ ఎండితే ఒక మంచుముక్క నోట్లో పెట్టుకుంటుందని ఆమె మరదలు చెప్పింది.

నా మనసులో చాలాకాలంగా ఉన్న మాట అడిగాను. "మేడం, అన్నేండ్లు కొండల్లో నీళ్లు తాగకుండా తిరిగినందుకేనా ఇది?"

"డాక్టరు షుగరంటాడు, బీపీ అంటాడు. అది గూడా కలిసిందేమో. ఎవరు చెప్పగల్రు?" అని నవ్వింది. "ఒకటి మాత్రం చెప్తా. నాకు ఇప్పుడు పొద్దస్తమానం దాహమే. కలలో గూడా నీళ్లే కనబడతాండాయి."

ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. గోడలు తడిమిన ఆ అరచేయి ఇంకా గరుకుగానే ఉంది.

మరదలు లోపలి నుంచి చెంబు నిండా కుండ నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. చెంబు పైన చెమ్మ పట్టి చుక్కలు జారుతున్నాయి. నేను ముట్టుకోలేదు. ఆ సీసా పక్కన కూర్చుని ఆమె ముందర నీళ్లు ఎట్లా తాగను?

"తాగమ్మా" అంది మేడం.

"తర్వాత తాగుతా మేడం. ఇప్పుడు దాహం లేదు."

"ఈ ఎండలో కర్నూలు నుంచి వచ్చి దాహం లేదంటావా? నాతోనే చెప్తావా ఆ మాట?" గొంతు నీరసంగా ఉన్నా పాత లెక్చరర్ గొంతే. "తాగు. నేను చూడాల."

చెంబు ఎత్తాను. మొదట ఒక గుటక. తర్వాత ఆపుకోలేకపోయాను. గొంతులోంచి గుండెలోకి చల్లగా దిగుతుంటే కళ్లు మూసుకుని తాగుతూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి చూస్తే, ఆమె కొంచెం ముందుకు వంగి, పెదవులు ఎడంగా, నా వైపే చూస్తోంది. ఆ ముఖంలో బాధ కోసం వెతికాను. లేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా చూపు తిప్పలేదు.

"దాహం తీర్నా?" అని అడిగింది.

"తీర్నాది మేడం" అన్నాను.

"అబ్బ!" అని, తనే తాగినట్టుగా వెనక్కి ఒరిగి కళ్లు మూసుకుంది.